అకౌంటింగ్ ఫర్మ్ ఉద్యోగి: ఆఫీసులో చేసే పని ఏమిటి, ఇంటిదాకా వచ్చేది ఏమిటి

పద్దుపుట (థ్రెడ్ మొదలుపెట్టినవారు):

ఫర్మ్‌లో కొత్తగా చేరినవాళ్లకు, అక్కడి మనిషితో పనిపడిన క్లయింటు ఆఫీసువాళ్లకు, ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు ఒకటే సందేహం. రోజంతా కూర్చుని చేసేదేమిటి? అంత ఆలస్యం ఎందుకవుతుంది? అడిగితే ఎందుకు చెప్పరు? "లెక్కలు చూస్తారు" అంటే ఎవరికీ ఏమీ బోధపడదు. తెలిసినవాళ్లు విడమరిచి రాయండి. సొంత కథలు వద్దు. పని ఎలా నడుస్తుంది, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, అవి కావాలి. పన్ను చట్టాలు దేశానికొక రకం కాబట్టి వాటి జోలికి పోకుండా ఎక్కడైనా పనికొచ్చే సంగతులు రాయండి.

నేను మొదలుపెడతాను. ఫర్మ్ ఉద్యోగం అంటే ఒకటే పని కాదు. పద్దులు రాసే విభాగానికి నెలాఖరు ముఖ్యం. పేరోల్‌కి జీతాల తేదీ ముఖ్యం, అది ఒక్కరోజు కూడా జరగదు. పన్ను విభాగానికి రిటర్నుల గడువులు. ఆడిట్‌వాళ్లకు క్లయింటు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నెలలు. ఫర్మ్‌లో పనిచేసే మనిషి గురించి తెలుసుకోవాలంటే ముందు ఏ విభాగమో, ఆ విభాగానికి గడువు ఎప్పుడో అడగండి. మిగతావన్నీ దాన్నిబట్టే అర్థమవుతాయి.

ముగింపునిల్వ:

పద్దుల విభాగం గురించి నేను రాస్తాను. నెల ముగింపు చాలా ఆఫీసుల్లో అయిదు పనిదినాల్లో అయిపోవాలి. మొదటి రోజు కటాఫ్: పోయిన నెలకు చెందిన బిల్లులు, ఇన్వాయిసులు ఆ నెలలోనే పడ్డాయో లేదో చూసి ఆ నెలకు తాళం వేస్తారు. రెండో రోజు బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌ను మన పుస్తకంతో సరిపోల్చడం. తర్వాత రావాల్సినవి, ఇవ్వాల్సినవి, బిల్లు ఇంకా అందని ఖర్చులకు ప్రొవిజన్లు (అంచనాగా ముందే రాసే మొత్తాలు), తరుగుదల, ముందే కట్టిన ఖర్చుల్లో ఈ నెల వాటా. చివరి రోజు అంతకుముందు నెలతో పోల్చి, తేడా ఎక్కువున్న ప్రతి పద్దుకూ కారణం రాయడం. ఇందులో ఎక్కువ టైమ్ తినేది ఆ చివరి రోజే. ఎంట్రీ వేయడానికి రెండు నిమిషాలు చాలు, "ఈ నెల రిపేర్లు ఎందుకు రెట్టింపయ్యాయి" అన్నదానికి జవాబు రాబట్టడానికి సగం రోజు పోతుంది.

బ్యాంకు రీకన్సిలియేషన్‌ని తేలిగ్గా తీసుకుంటారు గానీ మనిషి పనితనం బయటపడేది అక్కడే. స్టేట్‌మెంట్‌లో నిల్వ 84,600 అనుకోండి. మనం జమ చేసినా బ్యాంకు ఇంకా చూపనివి 12,000 కలపాలి. మనం ఇచ్చినా ఇంకా పాస్ కాని చెక్కులు 9,400 తీసేయాలి. 87,200 వస్తుంది. మన పుస్తకంలో 86,750 ఉంది. బ్యాంకు ఇచ్చిన వడ్డీ 800 కలిపి, చార్జీలు 350 తీసేస్తే అదీ 87,200. రెండువైపులా కలిసింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, మొదటివైపు సవరణలకు మన పుస్తకంలో ఎంట్రీ ఉండదు, అవి బ్యాంకులో వాటంతటవే సర్దుకుంటాయి. రెండోవైపు వాటికి మాత్రం ఎంట్రీ వేసి తీరాలి. కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు, వచ్చే నెల అదే మొత్తం మళ్లీ తేడాగా లేచి కూర్చుంటుంది.

ఇంకో చోట చెడుతుంది. కలవని చిన్న మొత్తాన్ని "ఇతర ఖర్చులు"లో పడేసి మూసేయడం. 40 తేడా అంటే 40 పొరపాటు జరిగిందని కాదు. 25,000 ఎక్కువ, 24,960 తక్కువ ఎదురెదురుగా ఉండి 40గా కనిపించవచ్చు. తేడా ఎంత చిన్నదైనా ఏ లావాదేవీల వల్ల వచ్చిందో తెలిసేదాకా వదలకూడదు. ఆరు నెలలుగా పాస్ కాని చెక్కు జాబితాలో అలాగే ఉంటే అది టైమింగ్ తేడా అనిపించుకోదు. ఎవరికి ఇచ్చారో వాళ్లను అడగాలి.

వోచరు:

తేడా వెతకడం గురించి కొంచెం కలుపుతాను. చేత్తో కూడికలు వేసే రోజులనుంచీ ఉన్న పద్ధతులే, ఇప్పటికీ పనికొస్తాయి.

ముందు తేడా మొత్తాన్నే లెడ్జర్‌లో (ఖాతాల పుస్తకంలో) వెతకండి, ఏదో ఎంట్రీ వదిలేసి ఉండొచ్చు. దొరక్కపోతే దాన్ని సగం చేసి వెతకండి. డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడితే తేడా రెట్టింపవుతుంది కదా. అదీ కాకపోతే 9తో భాగించండి. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయనో, సున్నా జారిందనో అనుమానించాలి. 270 తేడా వచ్చిందనుకోండి: 630ని 360గా రాసినా 270 వస్తుంది, 300ని 30గా రాసినా 270 వస్తుంది. 9తో శేషం లేకుండా పోయినంత మాత్రాన ఇదే కారణమని తీర్మానించకండి. ఎక్కడినుంచి వెతకాలో అది చెబుతుంది, అంతవరకే.

డెబిట్ గానీ క్రెడిట్ గానీ ఒక్కటే ఉన్న ఒంటికాలి ఎంట్రీని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల పట్టీ) ఎప్పుడూ టాలీ అయ్యే వస్తుంది. అందుకే దాన్ని చూసి తృప్తిపడటం ప్రమాదం. ఎంట్రీ మొత్తంగా వదిలేసినా, తప్పు ఖాతాలో పడినా, యంత్రం కొన్నదాన్ని రిపేరు ఖర్చుగా రాసినా ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా టాలీ అవుతుంది. ఇప్పుడు తేడాలు దొరికేది వేరేచోట. కస్టమర్ల విడి ఖాతాల మొత్తం, లెడ్జర్‌లో వాళ్లందరికీ కలిపి ఉండే కంట్రోల్ ఖాతాతో కలుస్తుందా? స్టాకు రిజిస్టరు లెడ్జర్‌తో కలుస్తుందా? ఇంపోర్ట్ చేసిన ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో అన్నీ ఎక్కాయా? ఈ మూడూ చూడని ముగింపు ముగింపు కాదు.

గడిగళ్లు:

వోచరు గారు ఇంపోర్ట్ అన్నారు కాబట్టి ఎక్సెల్ సంగతి. ఫర్మ్‌లో రోజులో సగం దానితోనే గడుస్తుంది, తప్పుల్లోనూ సగం అక్కడే పుడతాయి.

16 అంకెల ఖాతా నంబరును నంబరుగా దించితే ఎక్సెల్ 15 అంకెలే దాచుకుంటుంది, చివరిది సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలూ పోతాయి. దించేటప్పుడే ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పాలి. పాడైపోయాక ఫార్మాట్ మార్చినా పోయిన అంకె రాదు, మూలం ఫైలునుంచి మళ్లీ దించుకోవాల్సిందే. దీనికి తలకిందుల సమస్య, మొత్తాలు టెక్స్ట్‌గా దిగడం. సమ్ వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. కనిపెట్టడం సులువు: ఆ కాలమ్ మీద కౌంట్ (నంబర్లున్న గడులే లెక్కిస్తుంది), కౌంట్‌ఏ (నిండిన గడులన్నీ లెక్కిస్తుంది) రెండూ వేయండి. ఖాళీ గడులు, హెడింగు మినహా రెండూ సమానంగా రాకపోతే టెక్స్ట్ దాగుంది.

పట్టీలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాలో నాలుగో స్థానంలో ఫాల్స్ గానీ 0 గానీ వేయకపోతే అది దగ్గరి విలువ తెచ్చిపెడుతుంది, చాలాసార్లు ఎర్రర్ కూడా చూపదు. తప్పు కస్టమర్ పేరు పక్కన తప్పు మొత్తం చక్కగా కూర్చుంటుంది. ఫిల్టర్ పెట్టిన పట్టీకి సమ్ వాడితే దాగిన వరుసలు కూడా కలుస్తాయి. సబ్‌టోటల్ 9 ఫిల్టర్‌లో దాగినవి వదిలేస్తుంది గానీ చేత్తో దాచినవి కలుపుతుంది. రెండూ వద్దంటే 109 వాడాలి. క్లయింటు పంపిన షీటులో చేత్తో దాచిన వరుసలు ఉన్నాయేమో చూడకుండా మొత్తం వేయవద్దు.

ఒక షీటులో 10,48,576 వరుసలే పడతాయి. అంతకు మించిన సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలును) మామూలుగా తెరిస్తే మిగిలింది షీటులోకి రాదు, ఆ హెచ్చరిక చదవకుండా ఓకే కొట్టేవాళ్లే ఎక్కువ. అందుకే లెడ్జర్ అడిగినప్పుడు ఫైలుతోపాటు వరుసల సంఖ్య, డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం కూడా రాసి పంపమనండి. దించగానే ఆ మూడూ సరిచూసుకుంటే అయిదు నిమిషాల పని. నా దృష్టిలో ఫర్మ్‌లో చేరినవాళ్లకు మొదటి రోజే నేర్పాల్సిన అలవాటు ఇది.

కొత్తబెంచి:

ఆడిట్ విభాగంలో చేరబోతున్నాను. వర్కింగ్ పేపర్‌లో (చేసిన తనిఖీని నమోదు చేసే కాగితంలో) ఏం రాయాలి అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. పోయినేడాది పేపరు తీసి అంకెలు మార్చేయమంటున్నారు కొందరు. అది సరేనా?

ఆడిట్‌ఫైలు:

కొత్తబెంచి గారూ, పోయినేడాది పేపరు చదవండి, కాపీ కొట్టకండి. కాపీ కొడితే పోయినేడాది చేసిన తనిఖీ ఈ ఏడాది కూడా చేసినట్టు రాసి ఉంటుంది, చేసి ఉండరు. ఫైలుమీద వచ్చే పెద్ద ఫిర్యాదుల్లో అదొకటి.

అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణం ఐఎస్‌ఏ 230 అడిగేది సూటిగా ఉంటుంది. ఆ ఆడిట్‌తో ఏ సంబంధమూ లేని, అనుభవమున్న ఆడిటర్ ఎవరైనా పేపరు చదివి ఏం చేశారు, ఏం తేలింది, ముఖ్యమైన విషయాల్లో ఏ నిర్ణయానికి ఎందుకు వచ్చారు అన్నది మిమ్మల్ని అడక్కుండా అర్థం చేసుకోగలగాలి. ఆ కొలత పెట్టుకుంటే ఏం రాయాలో మీకే తెలుస్తుంది. ఏ ఉద్దేశంతో చేస్తున్నారు, లెక్క ఎక్కడినుంచి తీశారు (రిపోర్టు పేరు, తీసిన తేదీ), ఎన్ని అంశాలు ఏ ప్రాతిపదికన ఎంచారు, ఒక్కో అంశానికి ఏ కాగితం చూశారు, ఏం తేడా వచ్చింది, దాన్ని ఏం చేశారు, చివరికి ఏం తేల్చారు. చేసినవారి పేరు, తేదీ. చూసినవారి పేరు, తేదీ.

"ఇన్వాయిసులు చూశాను, సరిగా ఉన్నాయి" అన్న వాక్యానికి విలువ లేదు. ఫలానా నంబరు ఇన్వాయిసు, తేదీ, మొత్తం, డెలివరీ నోటు నంబరు, దానిమీద కస్టమర్ సంతకం ఉందో లేదో రాయండి. రేపు ఎవరైనా అదే కాగితం బయటికి తీయగలగాలి. టిక్ మార్కు పెడితే దాని అర్థం అదే పేజీలో ఉండాలి.

ఆడిట్ రిపోర్టు తేదీనుంచి మామూలుగా 60 రోజుల్లోపు ఫైలు కట్టేయాలి. రిపోర్టు తేదీనుంచి మామూలుగా కనీసం 5 ఏళ్లు దాచాలి, ఫైలు కట్టాక ఈలోపు ఏ పేపరూ తీసేయకూడదు. కొన్ని దేశాల చట్టాలు ఇంకా ఎక్కువ కాలం అడుగుతాయి. ఆ 60 రోజులు పేపర్లు సర్దుకోవడానికి, క్రాస్ రెఫరెన్సులు వేసుకోవడానికి ఇచ్చినవి. తనిఖీ మాత్రం రిపోర్టు మీద సంతకం పడేనాటికే పూర్తయి ఉండాలి.

సీనియర్ రాసే రివ్యూ నోట్లకు "పూర్తయింది" అని జవాబివ్వకండి. ఏం మార్చారు, ఏ పేజీలో, మార్చాక ఫలితం మారిందా లేదా అన్నది రాయండి. నోటు అర్థం కాకపోతే వెంటనే వెళ్లి అడగాలి. మూడు రోజులు ఊహించి చేసి తిరిగి అదే నోటు తెచ్చుకోవడం ఇద్దరికీ నష్టం.

వోచరు:

ఒక ప్రశ్న వస్తుంది కాబట్టి ముందే రాస్తున్నా. మెటీరియాలిటీ (లెక్కలు చదివేవాళ్ల నిర్ణయాన్ని మార్చేంత పెద్ద తప్పు ఎంత అన్న కొలత) అంటే "లాభంలో 5 శాతం, అంతకు తక్కువైతే పట్టించుకోనక్కర్లేదు" అని కొత్తవాళ్లు బట్టీపడతారు. 5 శాతం అన్నది లాభం కోసం నడిచే తయారీ కంపెనీకి ఐఎస్‌ఏ 320 ఇచ్చిన ఉదాహరణ. లాభాపేక్ష లేని సంస్థకైతే మొత్తం ఆదాయంలోనో ఖర్చులోనో 1 శాతం అని ఉదాహరణ ఇచ్చింది. రెండూ ఉదాహరణలే. పైగా మొత్తం చిన్నదైనా అది మోసమైతే, లేదా నష్టాన్ని లాభంగా మార్చేదైతే చిన్నది కాదు.

టిక్‌మార్కు:

ఆఫీసు బయట జరిగే పని గురించి ఎవరూ రాయలేదు. స్టాకు లెక్కింపుకు వెళ్లిన ఫర్మ్ ఉద్యోగి గోడౌనులో తిరుగుతుంటే "ఊరికే చూస్తున్నాడు" అనుకుంటారు. అతను రెండు దిక్కులా లెక్కిస్తాడు. జాబితాలోంచి కొన్ని ఎంచి నేలమీద ఉన్నాయా అని చూస్తే రాసింది నిజంగా ఉందో లేదో తెలుస్తుంది. నేలమీదివి కొన్ని ఎంచి జాబితాలో ఉన్నాయా అని చూస్తే ఉన్నదంతా రాశారో లేదో తెలుస్తుంది. ఒక దిక్కే చేస్తే సగం ప్రశ్నకే జవాబు. పై వరుస పెట్టెలు మాత్రమే నిండుగా ఉండొచ్చు కాబట్టి వెనకవీ కిందవీ కొన్ని తెరిపించాలి. లెక్కింపు నడిచేటప్పుడు సరుకు కదలకూడదు. తప్పనిసరిగా కదిలితే ఏ నోటుమీద కదిలిందో రాసుకోవాలి. వెళ్లేముందు ఆఖరి డెలివరీ నోటు నంబరు, ఆఖరి రిసీప్టు నంబరు రాసుకుని రావాలి. కటాఫ్ తనిఖీ మొత్తం ఆ రెండు నంబర్ల మీదే నిలబడుతుంది. అవి లేకుండా వస్తే మళ్లీ ఆ రోజు దొరకదు.

రెండోది కన్ఫర్మేషన్ లెటర్లు. బ్యాంకుకో కస్టమర్‌కో "ఇంత నిల్వ నిజమేనా" అని రాసేది. లెటర్‌మీద సంతకం క్లయింటుదే. పంపేది మాత్రం ఆడిటర్, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. క్లయింటు అకౌంటెంటు సాయం చేద్దామని "నేను తెప్పించి ఇస్తా" అంటారు. ఇస్తే అది బయటి ఆధారం అనిపించుకోదు, ఎందుకంటే మధ్యలో ఎవరి చేతులు పడ్డాయో తెలియదు. ఈమెయిల్ అయితే అడ్రసు క్లయింటు ఇచ్చిందే వాడకుండా ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోనో వేరే దారిలోనో సరిచూసుకోవాలి. జవాబు రాకపోతే ఏడాది ముగిశాక ఆ కస్టమర్ డబ్బు కట్టాడా అన్నది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూస్తారు, అదీ లేకపోతే డెలివరీ కాగితాలు.

క్లయింటువైపు:

టిక్‌మార్కు గారు చెప్పినది మావైపువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. "నేను తెప్పిస్తా" అంటే వద్దంటున్నారని, మమ్మల్ని నమ్మడంలేదని మా దగ్గర చాలామంది నొచ్చుకుంటారు. పద్ధతే అంత.

ఫర్మ్ మనిషి వచ్చినప్పుడు క్లయింటువైపు చేయాల్సినవి. వాళ్లు పంపే కాగితాల జాబితాలో ప్రతి అంశానికీ ఒక నంబరు ఉంటుంది. ఫైలు పేరు ఆ నంబరుతో మొదలుపెట్టండి. లెడ్జర్ పీడీఎఫ్‌గా ఇవ్వకండి, ఎక్సెల్‌గానో సీఎస్‌వీగానో ఇవ్వండి. బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రం ఉల్టా: బ్యాంకు ఇచ్చిన పీడీఎఫ్ ఎలా వచ్చిందో అలాగే ఇవ్వండి, మీరు టైపు చేసిన షీటు కాదు. ఒక ఖాతాకు లెడ్జర్ ఇస్తే దాని ముగింపు నిల్వ ట్రయల్ బ్యాలెన్స్‌తో కలుస్తుందో లేదో పంపేముందు చూసుకోండి. కలవకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది. జవాబులన్నీ ఒక్కరి ద్వారానే వెళ్లేలా చూడండి. అదే ప్రశ్నకు ముగ్గురు మూడు రకాలుగా జవాబిస్తే వాళ్లు మూడూ రాసుకుంటారు, పని మూడింతలవుతుంది. తెలియని దానికి ఊహించి చెప్పకుండా "కనుక్కుని రేపు చెబుతా" అనండి. ఆ మాటకు ఎవరూ ఏమీ అనుకోరు.

గంటలపట్టీ:

పేరోల్ గురించి ఒక పోస్టు. జీతాల ఫైలు బ్యాంకుకు పోయేముందు చూడాల్సినవి కొన్నే, అన్నీ చూడాలి. పోయిన నెల మనుషులు, కలపగా చేరినవాళ్లు, తీసేయగా వెళ్లినవాళ్లు, వచ్చినది ఈ నెల మనుషుల సంఖ్యతో కలవాలి. నికర జీతాల మొత్తం బ్యాంకు ఫైలు మొత్తంతో పైసాతో సహా కలవాలి. ఒకే బ్యాంకు ఖాతా ఇద్దరి పేర్లకు ఉందా చూడాలి. అందరికంటే ఎక్కువ వచ్చినవి, సున్నా వచ్చినవి విడిగా తీసి కారణం రాయాలి.

"నా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెలనుంచి ఇందులో వేయండి" అని మెయిల్ వస్తే ఆ మెయిల్‌కే జవాబిచ్చి నిర్ధారించుకోవద్దు. పాత రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకు కాల్ చేసి ఆ మనిషితో మాట్లాడాకే మార్చాలి. సప్లయర్ల ఖాతాలకూ ఇదే పద్ధతి. మోసగాళ్లు ఎంచుకునేది గడువు ముందటి గంట, ఎందుకంటే అప్పుడు ఫోన్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. ఫైలు తయారుచేసినవాళ్లు, ఆమోదించేవాళ్లు ఒకరే కాకూడదు. ఇది మనిషిమీద అనుమానం కాదు, రక్షణ.

ఇంకొకటి, నా పేరుకు తగ్గట్టే, టైమ్‌షీటు. చాలా ఫర్మ్‌లు గంటను పది భాగాలు చేసి 6 నిమిషాల లెక్కన రాయమంటాయి. సాయంత్రం కూర్చుని గుర్తుతెచ్చుకుని రాస్తే చిన్న పనులన్నీ మాయమవుతాయి. పని మారినప్పుడే రాయండి. బడ్జెట్ 20 గంటలు ఇస్తే 31 పట్టినప్పుడు 20 అని రాసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. వచ్చే ఏడాది బడ్జెట్ ఈ 20 చూసే వేస్తారు. అప్పుడు ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు రాత్రిళ్లు ఇంటికి పోలేరు.

ముగింపునిల్వ:

గంటలపట్టీ గారితో ఏకీభవిస్తాను గానీ ఒక సవరణ. 31 అని రాసి ఊరుకుంటే మేనేజర్‌కు కనిపించేది నిదానం పని మాత్రమే. 11 గంటలు ఎందుకు పెరిగాయో పక్కన రాయండి: లెడ్జర్ రెండుసార్లు మార్చి పంపారు, రీకన్సిలియేషన్ తయారుగా లేదు, ఇలా. ఫీజు మాట్లాడేటప్పుడు పనికొచ్చేది ఆ వాక్యమే. 15 గంటలు దాటాక సగంలోనే చెప్పడం ఇంకా మంచిది.

ఇంటివైపు:

మా ఇంట్లో ఒకరు ఆడిట్‌లో ఉన్నారు. నా ప్రశ్నలు మూడు. ఏ కంపెనీకి వెళ్తున్నారో ఇంట్లో కూడా ఎందుకు చెప్పరు? నేను షేర్లు కొంటే తనను ఎందుకు అడగాలి? చుట్టాలు పన్ను రిటర్ను చేసిపెట్టమంటే ఎందుకు తప్పించుకుంటారు?

ఆడిట్‌ఫైలు:

మూడూ మంచి ప్రశ్నలు. మీవారు మీనుంచి దాస్తున్నారని అనుకోకండి.

మొదటిది. అకౌంటెంట్ల అంతర్జాతీయ నీతి నియమావళి గోప్యత గురించి చెబుతూ స్నేహితుల మధ్య, కుటుంబంలో పొరపాటున బయటపడటం గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. క్లయింటు పేరు చెప్పడం వేరు, లోపలి సంగతి చెప్పడం వేరు అనిపిస్తుంది గానీ, కొన్నిసార్లు పేరే సంగతి. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనబోతుంటే దాని లెక్కలు చూడటానికి వెళ్లారన్న ఒక్క మాట చాలు. ఉద్యోగం మానేశాక కూడా ఈ బాధ్యత పోదు.

రెండోది స్వతంత్రత. ఆడిట్ టీములో ఉన్న మనిషికి గానీ, జీవిత భాగస్వామికి గానీ, వాళ్లమీద ఆధారపడినవాళ్లకు గానీ ఆ క్లయింటులో నేరుగా షేర్లు ఉండకూడదు. ఒక్క షేరైనా అంతే, ఇక్కడ "చిన్న మొత్తమే కదా" అన్నది చెల్లదు. చాలా ఫర్మ్‌లు తమ సొంత నిబంధనల్లో ఇంకా గట్టిగా ఉంటాయి. కాబట్టి కొనేముందు అడగండి. తను ఫర్మ్‌లో ఉన్న నిషిద్ధ జాబితా చూసి అవునో కాదో చెబుతారు, కారణం చెప్పకపోవచ్చు. వారసత్వంగా వచ్చినా, బహుమతిగా వచ్చినా వెంటనే ఫర్మ్‌కు తెలియజేయాలి. మీరు కొత్త ఉద్యోగంలో చేరుతున్నా చెప్పండి. క్లయింటు దగ్గర లెక్కలమీద ప్రభావం ఉండే పదవిలో మీరుంటే, తను ఆ టీములో ఉండకూడదు. అన్ని ఖాతాలూ ఇద్దరూ కూర్చుని ఏడాదికోసారి ఒక పట్టీగా రాసుకుంటే, ఫర్మ్ అడిగే వార్షిక డిక్లరేషన్ అరగంటలో అయిపోతుంది. డిక్లరేషన్ తప్పుగా ఇచ్చారని తేలితే పోయేది ఆ మనిషి ఉద్యోగం ఒక్కటే కాదు, ఆ ఆడిట్ మొత్తం ప్రశ్నలో పడుతుంది.

మూడోది వేరేవాళ్లు రాస్తే బాగుంటుంది.

పద్దుపుట:

మూడోది నేను. ఫర్మ్ పేరుమీద చేసే పనికి ఒప్పంద పత్రం ఉంటుంది, ఇంకొకరు సరిచూస్తారు, తప్పు జరిగితే బీమా ఉంటుంది. చుట్టాలకు ఆదివారం చేసిపెట్టే పనికి ఈ మూడూ ఉండవు. కాగితాలు సగమే తెస్తారు, మిగతా సగం ఫోన్‌లో చెబుతారు, తర్వాత నోటీసు వస్తే "నువ్వే కదా చేశావు" అంటారు. పైగా బయట పని చేయడానికి చాలా ఫర్మ్‌లు ముందస్తు అనుమతి అడుగుతాయి. చెల్లే సాయం ఒకటుంది: ఏ కాగితాలు దాచుకోవాలో, ఏ తేదీ దాటకూడదో చెప్పడం. అంతవరకు అడగండి, సంతోషంగా చెబుతారు.

గడిగళ్లు:

ఇంటినుంచి పని చేసేవాళ్లకు గోప్యత గురించి ఇంకొంచెం. స్క్రీన్ వదిలి లేచేటప్పుడు విండోస్‌లో విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే లాక్ అవుతుంది, నీళ్లు తాగడానికి లేచినా సరే. ఆఫీసు ల్యాప్‌టాప్ పిల్లలకు వీడియో చూడటానికి ఇవ్వకూడదు. ఫైలు సొంత మెయిల్‌కు పంపుకుని ఇంటి కంప్యూటర్లో తెరవకూడదు. అది డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. క్లయింటుతో కాల్ ఉంటే హెడ్‌సెట్ పెట్టుకుని తలుపు వేసుకోవాలి. ఇంట్లో అందరూ చూసే క్యాలెండర్‌లో క్లయింటు పేరు రాయకుండా "గడువు" అని రాస్తే సరిపోతుంది.

కొత్తబెంచి:

గడువు నెలల్లో ఇంట్లో ఎలా నెట్టుకొస్తారు? రాత్రిళ్లు కూర్చోక తప్పదా?

ముగింపునిల్వ:

కొన్ని రోజులు తప్పదు. అన్ని రోజులూ అయితే పని పంచిన తీరులో లోపముంది, అది మేనేజర్‌కు చెప్పాల్సిన విషయం.

ఇంట్లోవాళ్లకు ముందుగా ఇవ్వాల్సింది తేదీలు. "ఈ నెల బిజీ" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఏ వారం రాత్రి పది దాటుతుంది, ఏ రోజు ఫోన్ ఎత్తలేరు, ఏ రోజునుంచి మామూలవుతుంది అని రాసి పెట్టండి. గడువు తర్వాతి రెండు రోజులు కూడా ఖాళీ అనుకోవద్దు, రివ్యూ నోట్లు అప్పుడే వస్తాయి. ఇంటి పనుల్లో డాక్టరు అపాయింట్‌మెంటు, ఫీజు కట్టడం లాంటివి గడువుకు ముందు వారానికి జరపండి లేదా ఇంకొకరికి అప్పగించండి. అప్పగిస్తే పూర్తిగా అప్పగించాలి, మధ్యలో తలదూర్చకూడదు.

రాత్రి పని విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. రాత్రి తయారుచేయండి, తనిఖీ పొద్దున చేయండి. అలిసిన కన్ను తాను రాయాలనుకున్నదే చదువుతుంది. 1,87,500ని 1,78,500గా కొట్టి మూడుసార్లు చూసినా సరిగ్గానే కనిపిస్తుంది. క్లయింటుకు పోవాల్సిన మెయిల్ రాత్రి రాసినా పొద్దున ఎనిమిదికి పోయేలా షెడ్యూల్ చేయండి. అటాచ్‌మెంటు వేరే క్లయింటుది పెట్టడం లాంటివి జరిగేది ఆ అర్ధరాత్రి మెయిల్స్‌లోనే.

టిక్‌మార్కు:

ఒంటి సంగతి కూడా. కీబోర్డుకు కుడివైపు నంబర్ ప్యాడ్, దానికవతల మౌస్ ఉంటే కుడిచెయ్యి రోజంతా బయటికి చాచి ఉంటుంది, భుజం పట్టేస్తుంది. నంబర్ ప్యాడ్ విడిగా దొరుకుతుంది, దాన్ని ఎడమవైపు పెట్టుకోవడమో, మౌస్‌ను ఎడమచేతికి అలవాటు చేసుకోవడమో మేలు. స్క్రీన్ పైఅంచు కళ్ల ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి, అంటే సుమారు 6 మీటర్లు, 20 సెకన్లు చూడండి. లెడ్జర్ చదివేటప్పుడు రెప్పవేయడం తగ్గిపోతుంది, కళ్లు మండేది అందుకే.

ఇంటివైపు:

అందరికీ ధన్యవాదాలు. షేర్ల పట్టీ ఈ వారమే రాసుకుంటాం. ఒక చిన్న సందేహం మిగిలింది. ఇంట్లో ప్రింటు తీసిన కాగితాలు చెత్తబుట్టలో వేయొచ్చా? చించి వేస్తున్నాం.

గడిగళ్లు:

చేత్తో చించితే అతికించి చదవొచ్చు. అసలు ఇంట్లో ప్రింటు తీయకపోవడమే మంచిది. తప్పక తీస్తే అడ్డంగా, నిలువుగా రెండువైపులా కత్తిరించే ష్రెడర్ వాడండి, లేదా కవరులో పెట్టి ఆఫీసుకు పంపండి, అక్కడ తాళమున్న డబ్బా ఉంటుంది. ప్రింటర్‌ను అమ్మేసేటప్పుడో ఇచ్చేసేటప్పుడో సెట్టింగుల్లో మెమరీ చెరిపేయండి. కొన్ని మోడళ్లలో పాత ప్రింటు పనులు లోపలే నిల్వ ఉంటాయి.